అకపుల్కో రేవు – నాలుగు వందల ఏళ్ళ ప్రయాణపు ఖర్చులు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా పంపమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయగలవారు మన సంఘంలో నాకంటె పెద్దలున్నారు. నేను 34 సంవత్సరాల సర్వీసులో సగానికి పైగా టి.ఏ. బిల్లులు చూసే సీటులో కూర్చున్నవాణ్ణి. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎంత ఖర్చు చూపారు, అది న్యాయమా కాదా అన్నదే నా చూపు. కాబట్టి ఆ చూపుతోనే మెక్సికో దేశంలో పసిఫిక్ సముద్రతీరాన ఉన్న అకపుల్కో అనే ఊరి సంగతి మనవి చేస్తాను. మా అబ్బాయి ఉద్యోగరీత్యా మెక్సికో నగరంలో ఉన్న రోజులలో, 2018 ఫిబ్రవరిలో, మేమిద్దరం ఆ ఊరు చూశాము. తిరిగి వచ్చిన తరువాత దాన్ని గురించి దొరికినంతవరకు చదివాను.

ఆ ఊరు ఖరీదైనదన్న ఫిర్యాదు నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1565లో ఉర్దనేతా అనే సన్యాసి నావికుడు ఫిలిప్పీన్స్ నుంచి తూర్పుముఖంగా పసిఫిక్ దాటి రావడానికి దారి కనిపెట్టాడు. అప్పటినుంచి 1815 వరకు, అంటే 250 సంవత్సరాలపాటు, ఏడాదికి ఒకటి రెండు గాలియన్ ఓడలు మనీలా నుంచి అకపుల్కోకు వచ్చేవి. మెక్సికో వెండి అటు పోవడం, చీనా పట్టు, పింగాణీ, సుగంధద్రవ్యాలు ఇటు రావడం. వెళ్ళేటప్పుడు మూడు నెలలు, వచ్చేటప్పుడు నాలుగు నుంచి ఆరు నెలలు. స్పెయిన్ రాజుగారు 1593లో దీనికొక సీలింగు కూడా పెట్టారు: మనీలా నుంచి సరుకు రెండున్నర లక్షల పెసోలకు, తిరుగుదారిలో వెండి ఐదు లక్షల పెసోలకు మించరాదని. సీలింగు పెట్టిన చోట ఏమి జరుగుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. కాగితం మీద సరుకు విలువ తగ్గేది, ఓడలో బరువు పెరిగేది.

ఆ సరుకులో మన కోరమండల్ తీరపు నూలు బట్టలు కూడా ఉండేవి. మద్రాసు నుంచి మనీలాకు ఇంగ్లీషువారూ ఆర్మీనియన్ వర్తకులూ బట్టలు చేరవేసేవారు, అక్కడినుంచి అవి గాలియన్ ఎక్కేవి. బదులుగా మెక్సికో వెండి మన తీరానికి దిగేది. నేటికీ మెక్సికోలో తలకు, మెడకు కట్టుకునే పూల రుమాలును ‘పలియకాతే’ అంటారు. అది మన పులికాట్ పేరే అని చాలామంది చెబుతారు, అక్కడి నాహువాటిల్ భాషలో మూలం వెదికేవారూ ఉన్నారు. నా మటుకు పులికాట్ మాటే నమ్మబుద్ధి అవుతుంది.

ఇక ఖర్చుల సంగతి. జెమెల్లి కరేరీ అనే ఇటలీ దేశస్థుడు సొంత డబ్బుతో ప్రపంచం చుట్టివస్తూ 1697 జనవరిలో మనీలా గాలియన్ మీద అకపుల్కోలో దిగాడు. ఆరున్నర నెలలు సముద్రం మీద పురుగులు పట్టిన రొట్టె తిని వచ్చిన మనిషి. ఇంత ప్రసిద్ధి పొందిన రేవు గొప్ప పట్టణమై ఉంటుందనుకుంటే కర్ర, మట్టి, గడ్డి కలిపి కట్టిన ఇళ్ళతో బెస్తపల్లెలాగ కనిపించింది. ఎండ, జ్వరాలు, భూకంపాలు. అటువంటి చోట రోజుకొక పెసో లేనిదే మనిషి సరిగా బతకలేడని అతను రాసుకున్నాడు. చుట్టూ కొండలే, తిండిగింజల దగ్గరనుంచి అన్నీ బయటనుంచి రావలసినవే. ఓడ వచ్చినప్పుడు మాత్రమే అమ్మకం కనుక ఏడాది సంపాదన ఆ కొద్ది వారాలలోనే రాబట్టుకోవాలి.

కరేరీ పుస్తకంలో నన్ను పట్టి ఆపినవి జీతాల లెక్కలు. అక్కడి చర్చి ఫాదరుకు రాజుగారిచ్చే జీతం ఏడాదికి 180 పెసోలు, కాని ఆయనకు వచ్చేది 14,000. సముద్రం మీద, ఊరిలో చనిపోయిన పరదేశీయులను పూడ్చడానికి ఆయన అడిగిన రేటు అటువంటిది. కోట అధికారి పై సంపాదన 20,000. తక్కిన ఉద్యోగులూ వారికి తగినట్టుగానే. ఓడనుంచి మూటలు దింపే కూలీలకు మాత్రం ఆ సీజనులో రోజుకు మూడు పెసోలు దాకా గిట్టేవట. పని అయిపోయి వర్తకులు వెళ్ళిపోయిన తరువాత ఆ కూలీలు తమలో ఒకణ్ణి పాడె మీద పడుకోబెట్టి, చచ్చిపోయినట్టుగా ఏడుస్తూ ఊరేగించేవారట, తమ పంటకాలం తీరిపోయిందని! ఎన్నో దేశాల యాత్రాగ్రంథాలు చదివాను గాని సీజను ముగిసిన ఊరి గురించి ఇంతకంటె తెలియజెప్పినది నాకు కనిపించలేదు. 14,000 పెసోల ఫాదరు ఆ ఊరేగింపు చూసి ఏమనుకున్నాడో కరేరీ రాయలేదు.

1803 మార్చిలో జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ ఇదే రేవులో దిగాడు. మామూలు రోజులలో 4,000 ఉండే జనం గాలియన్ వచ్చినప్పుడు 9,000 దాకా పెరుగుతారని లెక్క ఇచ్చాడు. మరి పన్నెండేళ్ళకు గాలియన్లు ఆగిపోయాయి, మెక్సికో 1821లో స్వతంత్రమైంది, ఊరు మళ్ళీ బెస్తపల్లె అయింది. మధ్యలో కాలిఫోర్నియా బంగారం రోజులలో పొగ ఓడలు బొగ్గుకోసం ఆగేవి. అంతే.

1927లో మెక్సికో నగరం నుంచి మోటారు రోడ్డు పడింది. కరేరీ కంచరగాడిదల మీద పదిరోజులకు పైగా పడిన దారి అది. బాల్సాస్ నదిని సొరకాయ బుర్రల తెప్ప మీద దాటాడు పాపం. రోడ్డు వెనుక హోటళ్ళు వచ్చాయి. 1946 నుంచి 1952 వరకు అధ్యక్షుడుగా ఉన్న మిగెల్ అలెమాన్ ఊరి రూపమే మార్చాడు. తీరం వెంబడి వెళ్ళే పెద్ద రోడ్డుకు ఆయన పేరే ఉంది. కెనెడీ దంపతులు 1953లో పెళ్ళయిన వెంటనే వచ్చినది ఇక్కడికే. ఎల్విస్ ప్రెస్లీ 1963లో ఈ ఊరి పేరుతో సినిమా తీశాడు, కాని ఊరికి రాలేదు, తన భాగమంతా హాలీవుడ్ స్టూడియోలోనే కానిచ్చాడు. నిర్మాతకు టి.ఏ. బాగా మిగిలి ఉండాలి.

అమెరికావారు అన్నేళ్ళు విరగబడి రావడానికి కారణం ఇసుక ఒక్కటే కాదు, మారకపు రేటు. 1954 నుంచి 1976 ఆగస్టు చివరిదాకా డాలరుకు పన్నెండున్నర పెసోలు. ఇరవై రెండేళ్ళు కదలలేదు. ఏ ఏడు ఎంత అవుతుందో పర్యాటకుడు ఇంటి దగ్గరే లెక్క వేసుకోగలిగేవాడు. 1976 సెప్టెంబరులో ఆ కట్ట తెగింది. 1982లో మరొకసారి. 1987 ఒక్క ఏడాదిలోనే ధరలు రెండున్నర రెట్లయ్యాయి. 1992 చివరకు డాలరుకు 3,000 పెసోలు దాటగా, 1993 జనవరి 1న మూడు సున్నాలు కొట్టివేసి కొత్త పెసో తెచ్చారు. 1994 డిసెంబరులో అదీ పడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పెసో పడిన ప్రతిసారీ అమెరికా పత్రికలు మెక్సికో చవక అయిందని రాశాయి. డాలరు చేతిలో ఉన్నవాడికి అది నిజమే. అదే హోటలులో పక్కలు మార్చే మనిషికి జీతం పెసోలలో, బియ్యం ధర మాత్రం వారం వారం పైకి. ఒక్క గది, ఒక్క రాత్రి – పడుకున్నవాడికి చవక, తుడిచినవాడికి కరువు. మన కరువుభత్యం బాకీల కోసం ధర్నాలలో కూర్చున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. డబ్బుకు తగిన విలువ దొరికిందా అని అడిగేటప్పుడు ఎవరి డబ్బుకు అని కూడా అడగాలని నా అభిప్రాయం.

ఇంతలో ప్రభుత్వమే అకపుల్కోకు పోటీ పెట్టింది. డాలర్లు రావాలంటే కొత్త తీరాలు కావాలని వారి కేంద్ర బ్యాంకు అధికారులు 1960ల చివరలో లెక్కలు వేసి, అటువైపు కరీబియన్ తీరాన దాదాపు నిర్మానుష్యంగా ఉన్న కాంకూన్ ఇసుకతిన్నెను ఎంచారు. 1974 నాటికి అక్కడ హోటళ్ళు తెరిచారు. విదేశీయులు క్రమంగా అటు మళ్ళారు. అకపుల్కోకు మిగిలినది మెక్సికో నగరపు జనం. వారికోసం 1993లో కువెర్నవాకా నుంచి కొత్త రహదారి వేసి ప్రయాణం సగానికి తగ్గించారు గాని, టోలు ఎంత ఎక్కువ పెట్టారంటే లారీలవారు, సామాన్యులు పాత రోడ్డునే పట్టుకున్నారు. ప్రైవేటువారికి ఇచ్చిన ఆ రోడ్డు 1997లో ప్రభుత్వం నెత్తినే పడింది. టోలు గేట్లు మాత్రం మేము వెళ్ళినప్పుడు కూడా ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉన్నాయి.

మేము చూసిన ఊరు ఇదంతా జరిగిన తరువాతిది. అప్పుడు పెసో మన డబ్బులో సుమారు మూడున్నర రూపాయలు. గాలియన్ల కాలపు సాన్ దియేగో కోట ఇప్పుడు మ్యూజియం. 1776 భూకంపంలో పాత కోట కూలితే మళ్ళీ కట్టినది ఇది. ఓడలలో వచ్చిన పింగాణీ అక్కడ పెట్టారు. లా కెబ్రాదా అనే చోట కుర్రవాళ్ళు సుమారు 35 మీటర్ల ఎత్తు కొండమీదనుంచి సన్నటి నీటిపాయలోకి దూకి, పైకి వచ్చి, తడి బట్టలతోనే మన ముందు చెయ్యి చాస్తారు. 1934 నుంచి ఇదే వారి వృత్తి. మా ఆవిడ చూడలేక ముఖం తిప్పుకుంది, చివరకు ఆమే ఎక్కువ ఇచ్చింది. బజారులో చింతపండు, పంచదార, కారం కలిపిన ఉండలు అమ్ముతారు. వాటి ముందు మిగతా తిండి అంతా నాకు దిగదుడుపే.

2023 అక్టోబరు 25న ఓటిస్ తుఫాను గంటకు 260 కిలోమీటర్ల గాలులతో ఈ ఊరి మీద పడింది. ముందురోజు ఉదయం దాకా అంత పెద్దదవుతుందని ఎవరూ అనుకోలేదు. సుమారు 50 మంది చనిపోయారు, తీరం వెంట హోటళ్ళు చాలావరకు అద్దాలూ గోడలూ పోయి అస్థిపంజరాలలాగ నిలిచాయి. అయినా 2024 ఏప్రిల్‌లో మెక్సికో పర్యాటక సంత – 1975లో ఈ ఊళ్ళోనే మొదలైనది – ఇక్కడే జరిపారు. అదే సంవత్సరం సెప్టెంబరులో జాన్ తుఫాను మళ్ళీ వరదలో ముంచింది.

మన సభ్యులలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామంది కనుక ఒకటి రెండు మాటలు. మెక్సికోలో పెసోకు కూడా డాలరు గుర్తే రాస్తారు. అసలు ఆ గుర్తు స్పెయిన్ పెసో నుంచే వచ్చిందంటారు. బిల్లు చూడగానే గుండె పట్టుకోవద్దు, ఏ డబ్బులో రాశారో అడగండి. అకపుల్కో టాక్సీలకు మీటరు ఉండదు, ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి; మమ్మల్ని 150 అడిగినవాడు 80కి వచ్చాడు. ఉచితంగా ఫలహారం పెట్టి ఊరు చూపిస్తామని దారిలో పలకరించేవారు హోటలు గదిలో వాటాలు అమ్మేవారు, పూటంతా వదలరు. సముద్రపుటొడ్డు చట్టప్రకారం ప్రభుత్వానిది, ఏ హోటలూ తనదనడానికి లేదు. కుర్చీ, గొడుగు కావాలంటే అద్దె ఇవ్వాలి, తువ్వాలు పరచుకుంటే అక్కరలేదు. మేమిద్దరం ఉన్న మూడు సాయంత్రాలూ తువ్వాలు మీదే కూర్చున్నాము.