హీలియం చరిత్ర: గుంటూరు గ్రహణం నుంచి హిండెన్‌బర్గ్ ప్రమాదం వరకు

హీలియం నింపిన బుడగను వదిలితే పైకి పోతుందని మీకు తెలుసు. ఆ వాయువు మండదని కూడా చదివి ఉంటారు. మరి 1937లో ప్రపంచంలోకెల్లా పెద్ద ఎయిర్‌షిప్ అయిన హిండెన్‌బర్గ్‌లో మండే గుణం ఉన్న హైడ్రోజన్‌ను ఎందుకు నింపారు? జవాబు కోసం భౌతికశాస్త్రంతో పాటు చరిత్రను కూడా పరిశీలించాలి.

బుడగ ఎందుకు తేలుతుంది?

ముందుగా ఆర్కిమెడిస్ సూత్రాన్ని గుర్తు చేసుకోండి. గాలిలో ఉన్న వస్తువును, అది తొలగించిన గాలి బరువుకు సమానమైన బలం పైకి నెడుతుంది. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద, సాధారణ వాతావరణ పీడనంలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1,290 గ్రాములు ఉంటుంది. అంతే పరిమాణం గల హీలియం సుమారు 180 గ్రాములు, హైడ్రోజన్ సుమారు 90 గ్రాములు ఉంటాయి. కాబట్టి ఒక ఘనపు మీటరు హీలియం సుమారు 1,110 గ్రాములను, హైడ్రోజన్ 1,200 గ్రాములను మోయగలవు. బుడగ తొడుగు, దానికి కట్టిన దారం కలిపి ఈ లెక్కకు లోబడి ఉంటే బుడగ పైకి లేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. హీలియం హైడ్రోజన్‌కు రెట్టింపు బరువైనా, మోసే శక్తిలో తేడా నూటికి ఏడెనిమిది పాళ్లే. అంటే ఎయిర్‌షిప్‌కు హీలియం చక్కగా సరిపోతుంది. చిక్కు అది దొరకడంలోనే ఉంది.

సూర్యుడి నుంచి భూమికి

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. దాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఆ రోజు పరిశీలకులకు ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలో పసుపు గీత సోడియంది కావచ్చని పలువురు భావించారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గ్రహణం లేని సమయంలోనే ఆ గీతను పరిశీలించి, అది సోడియం గీతల స్థానంలో లేదని గుర్తించాడు. కొత్త మూలకానికి సూర్యుడనే అర్థం గల గ్రీకు పదం ‘హీలియోస్’ నుంచి పేరు వచ్చింది. కాబట్టి హీలియంను ఒక్కరే, ఒక్క రోజే కనుగొన్నారనడం సరికాదు. భూమిపై దాన్ని వేరుచేయడానికి మరో 27 ఏళ్లు పట్టింది. 1895లో విలియం రాంసే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి హీలియంను పొందాడు.

గని ఎవరిదైతే వాయువు వారిది

1903లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, డెక్స్టర్ అనే ఊళ్లో బావి తవ్వితే సహజవాయువు ఎగదన్నింది. కాని నిప్పు పెడితే అంటుకోలేదు. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కేడీ, మెక్‌ఫార్లండ్ దాన్ని పరీక్షించి, అందులో నూటికి రెండు పాళ్ల లోపు హీలియం ఉందని 1905లో కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైడ్రోజన్ ఎయిర్‌షిప్‌లు నిప్పు తూటాలకు తగలబడటంతో హీలియం సైనిక అవసరంగా మారింది. 1925, 1927 చట్టాలతో అమెరికా దాని ఎగుమతిని కట్టడి చేసింది.

జర్మన్లు హిండెన్‌బర్గ్‌ను మొదట హీలియంను దృష్టిలో పెట్టుకొనే రూపొందించారు. అది దొరకక హైడ్రోజన్ నింపారు. 1937 మే 6న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో దిగుతుండగా ఆ ఎయిర్‌షిప్ తగలబడింది. అందులోని 97 మందిలో 35 మంది, నేలమీద ఉన్న సిబ్బందిలో ఒకరు మరణించారు. ఆ తరువాత అమెరికా నిబంధనలను కొంత సడలించినా, 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించడంతో ఆంతరంగిక శాఖ మంత్రి హెరాల్డ్ ఇకీస్ జర్మనీకి హీలియం అమ్మడానికి ఒప్పుకోలేదు.

ఏ వాయువు సురక్షితమో జర్మన్ ఇంజనీర్లకు ముందే తెలుసు. అయితే తెలిసిన దాన్ని ఆచరణలో పెట్టడానికి వనరు కూడా చేతిలో ఉండాలి. శాస్త్ర చరిత్రను చదివేటప్పుడు ఈ రెంటినీ కలిపి చూడటం అలవాటు చేసుకోండి.

ఆలోచించండి: యుద్ధానికి ఉపయోగపడగల వనరును ఒక దేశం ఇతరులకు ఇవ్వకపోవడం సమంజసమేనా? ప్రయాణికుల ప్రాణాలను కూడా లెక్కలోకి తీసుకొని మీ జవాబు రాయండి.