ముందు దారం, తరవాత డాక్టరు: స్త్రీల ముఖరోమాల కారణాలు, తొలగింపు పద్ధతులపై ఒక పరిశీలన

పై పెదవి మీదో, గడ్డం కిందో నల్లని ముదురు వెంట్రుకలు కనిపించిన అమ్మాయి మొట్టమొదట వెళ్లేది బ్యూటీ పార్లర్‌కి. అక్కడికి వెళ్లే వీలు లేకపోతే ఇంట్లో శనగపిండి, పసుపు. అవీ పనిచేయకపోతే పక్కింటివాళ్లు చెప్పిన క్రీము. పెళ్లి సంబంధాలు చూడడం మొదలయ్యాక లేజర్ క్లినిక్. డాక్టరు దగ్గరికి వెళ్లేది చాలాసార్లు అన్నిటికన్నా చివర, అదీ నెలసరి తప్పుతోందనో, పిల్లలు పుట్టడం లేదనో. ఈ వరస తలకిందులుగా ఉందనీ, దీనివల్ల ఆడవాళ్లు డబ్బూ ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకుంటున్నారనీ ఈ వ్యాసం వాదన. వెంట్రుకలు తీయించుకోవడం తప్పని కాదు. కారణం తెలుసుకోకుండా ఎంచుకున్న పద్ధతి సగం పనే చేస్తుంది, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా.

నూగు ఎందుకు ముదురుతుంది?

ముఖం మీద రోమకూపాలు పుట్టుకతోనే ఏర్పడి ఉంటాయి. వాటి సంఖ్యలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ కూపం ఎలాంటి వెంట్రుకను పుట్టిస్తుందన్న దగ్గరే తేడా అంతా. చిన్నప్పటి నుంచీ ఉండే మెత్తని నూగు ఆండ్రోజెన్‌లనే పురుష హార్మోన్ల ప్రభావంతో ముదిరి, నల్లబడి, గరుకుగా మారుతుంది. పేరుకి పురుష హార్మోన్లే అయినా ఇవి ప్రతి స్త్రీ ఒంట్లోనూ ఉంటాయి. అండాశయాలూ, మూత్రపిండాల పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథులూ వీటిని తయారుచేస్తాయి. రక్తంలో తిరిగే టెస్టోస్టిరాన్‌లో చాలా భాగం ఎస్.హెచ్.బి.జి., ఆల్బుమిన్ అనే ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. విడిగా మిగిలిన కాస్తే కూపంలోకి చేరి, అక్కడ 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము చేతిలో డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారి వెంట్రుకను ముదరబెడుతుంది.

కాబట్టి గ్రంథి ఎక్కువ హార్మోను తయారుచేసినా, దాన్ని పట్టి ఉంచే ప్రొటీను తగ్గినా, కూపమే అతిగా స్పందించినా ఫలితం ముఖం మీద కనిపిస్తుంది. ఈ చివరి రకంలో నెలసరి సక్రమంగానే ఉంటుంది, రక్తపరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి. రిపోర్టు చూసి “నీకేం లేదమ్మా, వెళ్లిరా” అని పంపేస్తే ఆ అమ్మాయి అద్దం ముందు పడే బాధ ఎక్కడికీ పోదు.

చికిత్సకు మూలమైన విషయం మరొకటి ఉంది. ఒకసారి ముదిరిన కూపం, హార్మోను తగ్గినంత మాత్రాన వెంటనే నూగుకు మళ్లదు. మందు కొత్తగా ముదరబోయేవాటిని ఆపుతుంది. ఇప్పటికే ముదిరినవాటిని ఏదో ఒక విధంగా తీయవలసిందే. మందులు మాత్రమే వాడినవాళ్లూ, తొలగింపు మాత్రమే చేయించుకున్నవాళ్లూ ఇద్దరూ నిరాశపడేది ఇందుకే.

కారణాల చిట్టా

ముఖరోమాలతో వచ్చేవాళ్లలో అత్యధికుల్లో కనిపించే కారణం పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్). 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీల వివరాలతో దీన్ని తొలిసారి విడమరచి రాశారు. చాలాకాలం దీనికి వాళ్ల పేరే ఉండేది. సంతానవయసు స్త్రీలలో నూటికి 8 నుంచి 13 మందికి ఇది ఉంటుందనీ, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టు తెలియకుండానే ఉన్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో ఇన్సులిన్ పాత్రను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను వదులుతుంది. అది ఒకవైపు అండాశయాన్ని ఉసిగొల్పి ఆండ్రోజెన్‌లను పెంచుతుంది, మరోవైపు కాలేయంలో ఎస్.హెచ్.బి.జి. తయారీని తగ్గిస్తుంది. గడ్డం మీద వెంట్రుకకీ రేపు రాబోయే మధుమేహానికీ బంధుత్వం ఇక్కడ కుదురుతుంది. లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది.

పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం మరో కారణం. 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కొద్దిగా కొరవడితే సాధారణంగా యుక్తవయసులోనో ఆ తరవాతో లక్షణాలు బయటపడతాయి. పైకి అచ్చం పీసీఓఎస్‌లాగే ఉంటుంది. పొద్దున్నే తీసిన రక్తంలో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ చూస్తేగాని తేడా తెలియదు. కుషింగ్ వ్యాధీ, డానజాల్, వాల్‌ప్రొయేట్ వంటి మందులూ, నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ పడిపోవడమూ కారణాలే. వీటన్నిటికన్నా అరుదైనదీ, అన్నిటికన్నా భయపడవలసిందీ అండాశయంలోనో అడ్రినల్‌లోనో వచ్చే కణితి. దాని గుర్తు వేగం. ఏళ్ల తరబడి మెల్లగా కాక కొద్ది నెలల్లోనే గడ్డం వచ్చి, గొంతు బొంగురుపోయి, నుదుటి పైన జుట్టు రాలుతుంటే థ్రెడింగ్ మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన దేశంలో మనం చేజేతులా తెచ్చుకుంటున్న కారణం ఇంకొకటి ఉంది. తెల్లబడడానికని డాక్టరు చీటీ లేకుండా మందుల దుకాణంలో కొనుక్కునే క్రీముల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, బుగ్గల మీద నూగు దట్టమవుతుంది. 2011లో భారతీయ చర్మవైద్యులు వేర్వేరు కేంద్రాల్లో కలిసి చేసిన ఒక అధ్యయనంలో, ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నట్టు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందుల్లో చాలావాటిని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అయినా తెలుపు కోసం రాసిన క్రీము వల్ల మీసం వచ్చి, ఆ మీసం తీయించుకోవడానికి పార్లర్‌కి పరుగెత్తే ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

కొలబద్ద ఎవరి కోసం?

వెంట్రుకల తీవ్రతను కొలవడానికి వైద్యులు వాడేది ఫెరిమాన్, గాల్వే 1961లో ప్రతిపాదించిన పద్ధతికి సవరించిన రూపం. పై పెదవి, గడ్డం, ఛాతీ, పై వీపు, నడుము, పై పొట్ట, కింది పొట్ట, భుజాల కింది చేయి, తొడలు అని తొమ్మిది చోట్లు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. మొత్తం 36. ఎనిమిదికి చేరితే సమస్య అని చాలాకాలం లెక్క. ఈ హద్దు అన్ని జాతులకూ ఒకటే కాదని తెలిశాక, 2023 నాటి అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు దాన్ని జాతిని బట్టి 4 నుంచి 6 మధ్యగా పేర్కొన్నాయి.

ఆ తొమ్మిదింటిలో ముఖానికి చెందినవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. రెండే. బుగ్గలు, చెంపలు, మెడ లెక్కలోనే లేవు. గడ్డానికి పూర్తి నాలుగు, పై పెదవికి మూడు వచ్చి, మిగతా ఒళ్లంతా నునుపుగా ఉన్న స్త్రీకి మొత్తం ఏడు. పాత హద్దు ప్రకారం ఆమెకు ఏమీ లేనట్టే. రోజూ పొద్దున్నే తలుపేసుకుని గడ్డం తీసుకుంటే తప్ప ఆమె గడప దాటలేదు. పైగా థ్రెడింగ్ చేయించుకుని వచ్చిన ముఖం మీద మార్కులు వేయడం ఎలా? నెల రోజులుగా ఏమీ తీయకుండా రమ్మంటే ఎంతమంది రాగలరు? మార్కుల కన్నా ఆమె చెప్పే మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

ఆ మాటలో ఎంత బరువుందో బ్రిటన్‌లో ముఖరోమాలున్న 88 మంది స్త్రీలపై 2006లో వెలువడిన అధ్యయనం చూపింది. వాళ్లు వారానికి సగటున 104 నిమిషాలు ఈ వెంట్రుకల పనికే వెచ్చిస్తున్నారు. మూడింట రెండు వంతుల మంది అదేపనిగా అద్దంలో చూసుకుంటున్నారు, అంతకన్నా ఎక్కువమంది చేత్తో తడిమి చూసుకుంటున్నారు. 75 శాతం మందిలో ఆందోళన, 30 శాతం మందిలో కుంగుబాటు వైద్యులు పట్టించుకోవలసిన స్థాయిలో ఉన్నాయి. అత్తకు మీసాలొస్తే మామ అంటూ జరగని పనికి గుర్తుగా సామెత చెప్పుకునే మన ఇళ్లలో, నిజంగా మీసం వచ్చిన కోడలు ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది?

తొలగింపు: పాత పాఠాలు, ఇప్పటి పద్ధతులు

రోమాలు తీయాలన్న కోరిక పాతదే. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో శంఖచూర్ణం, హరితాళం కలిపిన పూత ఉంది. హరితాళమంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. నేటి హెయిర్ రిమూవర్ క్రీముల్లో థయోగ్లైకొలేట్ లవణాలుంటాయి. వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలను తెంచడం వీటి పని. చర్మంలోనూ కెరటిన్ ఉంటుంది గనక సమయం మించితే మంట తప్పదు.

తొందరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో ఇరవయ్యో శతాబ్దం చూపించింది. 1896లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఫ్రాయిండ్ ఒక చిన్నపిల్ల వీపు మీది రోమాల మచ్చకు ఎక్స్‌రేలు పెట్టాడు. వెంట్రుకలు రాలాయి, తరవాత వీపు పుండైంది. ఆ హెచ్చరికను పక్కన పెట్టి 1920లలో అమెరికాలో ట్రైకో అనే ఎక్స్‌రే యంత్రాలను అందాల దుకాణాల్లో పెట్టారు. నొప్పి లేదు, వెంట్రుక లేదు అని వేలమంది స్త్రీలు కూర్చున్నారు. ఏళ్లు గడిచాక వాళ్ల ముఖాల మీద ముడతలు, పుండ్లు, క్యాన్సర్లు. 1930ల మొదట్లో వచ్చిన కొరెమ్లు అనే క్రీములో ఉన్నది థాలియం, ఎలుకల మందులో వాడిన విషం. రాసుకున్నవాళ్లలో కొందరికి నరాలు దెబ్బతిన్నాయి. ఈ స్త్రీలందరూ మోసపోయింది తెలివితక్కువ వల్ల కాదు. వాళ్ల బాధను సీరియస్‌గా తీసుకుని కూర్చోబెట్టి మాట్లాడిన వైద్యుడు లేకపోవడం వల్ల.

ఇప్పటి పద్ధతుల్లో థ్రెడింగ్ మనవాళ్లకు బాగా అలవాటు. నూలు దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, మిగతాది వేళ్లకు చుట్టి, మధ్యలో మెలిపెట్టి, ఆ మెలికను పెదవి మీద ముందుకూ వెనక్కూ నడిపిస్తే వెంట్రుకలు వరసగా కుదుళ్లతో లేచి వస్తాయి. చవక, రసాయనం లేదు. రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తాయి. ముదురు గడ్డానికి పదేపదే చేస్తే కూపాలు వాచి, కొన్ని వెంట్రుకలు చర్మం లోపలే వంకర తిరిగి, నల్లమచ్చలు మిగులుతాయి. అలాంటివాళ్లకు రేజరే మేలు. గొరిగితే మందంగా వస్తాయన్న భయం అక్కర్లేదు. 1928లోనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూసి, క్షవరం వల్ల వెంట్రుక మందం గాని, పెరిగే వేగం గాని మారవని తేల్చింది. కొస మొద్దుగా ఉండడం వల్ల గరుకుగా తగులుతుంది, అంతే. నలుగు పెట్టి రుద్దితే సన్నని నూగు కొంత ఊడుతుంది. ముదురు వెంట్రుక మీద దాని ప్రభావం లేదు.

లేజర్ సంగతి వివరంగా చెప్పుకోవాలి. వెంట్రుకలోని మెలనిన్ అనే నల్లరంగు కాంతిని పీల్చి వేడెక్కుతుంది, ఆ వేడికి కూపం దెబ్బతింటుంది. మన చామనఛాయ చర్మంలోనూ అదే మెలనిన్ దండిగా ఉంటుంది. తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న 694 నానోమీటర్ల రూబీ లేజర్ మన చర్మాన్నే కాల్చవచ్చు. లోతుకు దిగి పై పొరను తక్కువగా తాకే 1,064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ మనకు మరింత సురక్షితం. క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఏ యంత్రం వాడుతున్నారని అడగడం మన హక్కు. లేజర్‌కు ముందు థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించకూడదు. కూపంలో వెంట్రుక లేకపోతే కాంతి పీల్చేదేముంటుంది? రేజర్ వాడవచ్చు. తెల్లవెంట్రుకల మీద లేజర్ పనిచేయదు. వాటికి 1875లో చార్ల్స్ మిషెల్ అనే కంటివైద్యుడు మొదలుపెట్టిన ఎలక్ట్రాలిసిస్సే దారి. ఒక్కో కూపంలో సన్నని సూది దింపి విద్యుత్తు పంపే ఈ పద్ధతి నిదానమైనదే గాని, శాశ్వతంగా తొలగిస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది దీన్నే. లేజర్‌ది శాశ్వతమైన తగ్గింపు మాత్రమే.

లేజర్ చేయించుకున్నాక కొందరికి వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. ఇది ఎక్కువగా కనిపించేది ముఖం, మెడ మీద, ముదురు రంగు చర్మంలో, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో. అంటే పీసీఓఎస్ ఉన్నట్టు తెలియకుండా ప్యాకేజీ కట్టిన మన అమ్మాయిల్లోనే. అదే లేజర్‌ను సరిగా చేస్తే మేలు కూడా అంతే పెద్దది. 2005లో బ్రిటన్‌లో పీసీఓఎస్ స్త్రీలపై జరిగిన ప్రయోగంలో తగినంత శక్తితో లేజర్ పొందినవాళ్లు వెంట్రుకల పనికి వెచ్చించే సమయం వారానికి 112 నిమిషాల నుంచి 21కి దిగింది. ఆందోళన, కుంగుబాటు కూడా తగ్గాయి.

మందుల్లో సాధారణంగా మొదటిది గర్భనిరోధక మాత్ర. ఆరు నెలల తరవాతా చాలకపోతే స్పిరనోలాక్టోన్ కలుపుతారు. అది వాడుతూ గర్భం దాలిస్తే మగశిశువు ఎదుగుదలకు ప్రమాదం గనక గర్భనిరోధం తప్పనిసరి. నిద్రజబ్బుకు వాడిన ఎఫ్లార్నిథిన్‌ను 13.9 శాతం క్రీముగా ముఖానికి రాస్తే రెండు నెలల్లో పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. మింగే ఏ మందుకైనా ఆరు నెలలు ఓపిక పట్టాలి. వెంట్రుక తన పెరుగుదల చక్రం పూర్తిచేసేదాకా ఫలితం కనబడదు.

ముఖరోమాలను అందరికన్నా ముందు, అతి దగ్గరగా చూస్తున్నది పార్లర్‌లో దారం పట్టుకున్న అమ్మాయి. వైద్యసంఘాలూ, బ్యూటీషియన్ కోర్సులు నడిపే సంస్థలూ ఆమెకు రెండు ప్రశ్నలు నేర్పాలని మనవి. నెలసరి సక్రమంగా వస్తోందా? ఈ వెంట్రుకలు ఎప్పటి నుంచి, ఎంత త్వరగా పెరిగాయి? నెలసరి తప్పుతోందన్నా, నెలల్లోనే పెరిగాయన్నా, ఆ రోజు దారం పని దారం చేసి, వెంటనే డాక్టరుకు చూపించుకోమని చెప్పి పంపాలి.