ఫ్లాట్, లెవెల్, ఈవెన్, స్మూత్: తేడా ఎక్కడుంది?
ఉపరితలం తీరు చెప్పే ఈ నాలుగు ఇంగ్లీషు విశేషణాలకు అర్థం అడిగితే చాలామంది నోట వచ్చేది ‘చదునైన’ అనే ఒక్క మాటే. చంద్రపూర్ జిల్లా విరూర్‌లాంటి చోట చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీది ఈ ఊరున్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో భాగం. నాందేడ్‌లో కొన్నాళ్లుండి 1959లో చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ ఉన్న పిల్లవాడికి ‘చదును’ పక్కన ‘సపాట్’ కూడా చేరి, నాలుగూ ఒకటే అనిపిస్తుంది. కానీ ఈ తేడాలన్నీ తెలుగులో ముందే ఉన్నాయి. వాటిని బయటికి తీస్తే చాలు.

ఏ మాట వాడాలో తేల్చేది, దేన్ని దేనితో పరీక్షిస్తున్నామన్నదే. లెవెల్‌కు సాక్షి నీరు. మేస్త్రీ రసమట్టం పెట్టి బుడగ నడుమకొచ్చిందా అని చూస్తాడు. ఏ పక్కకూ వాలు లేని ఆ గుణాన్నే మనం మట్టం అంటాం. ఫ్లాట్‌కు సాక్షి తిన్నని బద్ద: ఆనించినప్పుడు కింద సందు కనబడకూడదు, వాలు ఉన్నా ఫర్వాలేదు. డాబా కప్పు ఫ్లాటే, కానీ వాననీరు దిగడానికి వాటం ఇస్తారు గనుక లెవెల్ కాదు. స్మూత్‌కు సాక్షి వేలికొస. వార్ధా నదిలోని గులకరాయి ఎంత గుండ్రంగా ఉన్నా స్మూత్, అంటే నునుపు. చక్రాలు రాసిరాసి మెరిసే రైలు పట్టా కూడా అంతే. ఎత్తెక్కే చోట అది లెవెల్ కాకపోయినా నునుపు తగ్గదు. ఈవెన్ అంటే అంతటా ఒకే తీరు. గరుకు కాగితం వేలికి గుచ్చుకుంటుంది, అయినా గరుకు అంతటా ఒకేలా ఉంటే అది ఈవెనే. ఈవెన్ నంబరును మనం సరి సంఖ్య అంటాం. ఆ ‘సరి’నే ఇక్కడా పట్టుకోవచ్చు.

ఇంగ్లీషువాళ్లే నేలను ఫ్లాట్, లెవెల్, ఈవెన్ అని మార్చిమార్చి అంటారు కదా అనవచ్చు. నిజమే. వాలూ ఎత్తుపల్లాలూ లేని నేలలో మూడు గుణాలూ కలిసే ఉంటాయి గనుక ఏ మాటైనా చెల్లుతుంది. అయితే గుంటక తోలిన నల్లరేగడి చేను ఎంత చదునైనా, చేతికి పెళ్లలు తగులుతూనే ఉంటాయి. దాన్ని స్మూత్ అనలేం. వంటలో వచ్చే లెవెల్ టీస్పూన్‌కు నీటితో పని లేదుగా అన్నది ఇంకో అభ్యంతరం. అక్కడా చూసేది ఎత్తే: పిండి గోపురంలా లేవకుండా చెంచా అంచుతో సమంగా ఉండాలి.