కోటగోడ మొదలు కృత్రిమ మేధ దాక

వేలూరు కోటను ఎరుగనివారు మనలో లేరు. 16వ శతాబ్దమున విజయనగర సామంతుడైన చిన్న బొమ్మినాయకుని నాటి ఆ కోటకు బలమైన రాతిగోడయు, చుట్టును వెడల్పైన అగడ్తయు కలవు. అయినను 1806వ సంవత్సరము జూలై 10వ తేదీన ఆ కోటలో సిపాయిలు తిరుగబడినప్పుడు గోడ గాని, అగడ్త గాని దొరలకు అక్కరకు రాలేదు. తలపాగా విషయమునను, నొసటి బొట్టు విషయమునను వెలువడిన ఉత్తరువులకు మనసు నొచ్చిన ఆ సిపాయిలు కోట లోపలివారే గదా! చివరకు దొరలను కాపాడినది రాయి కాదు. వెలుపలనున్న ఒక అధికారి ఆర్కాటునకు చేర్చిన వార్త. అది అందిన కొన్ని గంటలలోనే గుఱ్ఱపుదళము వచ్చి పడెను. సిపాయిల బాధలోని న్యాయము వేరు చర్చ. రక్షణము మాట మాత్రము తలచినచో ఇందు రెండు పాఠములు కలవు. గోడ వెలుపలివానినే ఆపును. లోపలివానిగా చెల్లుబాటైన వానిని ఆపదు. వార్త ఎంత వేగముగా చేరునో రక్షణము అంత బలముగా నుండును. నేడు అంగళ్లలోను, బ్యాంకులలోను నున్న కంప్యూటర్లపై జరుగుచున్న దాడుల చరిత్ర యావత్తును ఈ రెండు పాఠముల చుట్టునే తిరుగుచున్నది.

కంప్యూటర్ల కాపుదల మొదట పోలీసు ఠాణాలోని కేడీల జాబితా వంటిది. ఇదివరకు పట్టుబడిన దొంగ ప్రోగ్రాముల గుర్తులన్నియు వ్రాసి యుంచుకొని, వచ్చిన ప్రతిదానిని ఆ జాబితాతో సరిపోల్చెడివారు. కొత్త దొంగ వచ్చినచో జాబితా పనిచేయదు. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన ‘మోరిస్ పురుగు’ నాటి ఇంటర్నెట్టులో వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసి ఈ లోపమును లోకమునకు చాటెను. అంతకు ముందే, 1987లో, డొరొతీ డెన్నింగ్ అను విదుషి మరియొక మార్గము చూపెను. దొంగ ముఖమును గుర్తుపట్టుట కాదు, ఇంటివారి అలవాటును గుర్తుంచుకొనవలెను. అలవాటునకు విరుద్ధమైనది జరిగినప్పుడు గంట మ్రోగించవలెను అని ఆమె సిద్ధాంతము. నేడు కృత్రిమ మేధ చేయుచున్న కావలి పనికి బీజము అందే యున్నది.

దూరదేశపు కథ యని మనము ఊరకుండుటకు వీలులేని కాలము 2017లో వచ్చెను. మే 12వ తేదీన ‘వాన్నాక్రై’ అను దాడి బయలుదేరి 150కి పైగా దేశములలో కంప్యూటర్లలోని దస్తావేజులకు తాళము వేసి, తాళము తీయుటకు 300 డాలర్ల సొమ్ము అడిగెను. మనకు పొరుగుననున్న చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళము వరకు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు పెక్కు దానికి చిక్కెను. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయములోని కొన్ని కంప్యూటర్లకును ఆ తాకిడి తగిలెను. గమనింపదగిన విషయమేమన, ఆ దాడి ప్రవేశించిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ మార్చి నెలలోనే విడుదల చేసి యుండెను. మందు వచ్చి రెండు నెలలైనను, మందు వేసికొననివారికే రోగము వచ్చినది.

మరుసటి యేడు, 2018 ఫిబ్రవరిలో, కుంభకోణము ప్రధానస్థానముగా గల సిటీ యూనియన్ బ్యాంకు నుండి దొంగలు మూడు దొంగ ఉత్తరువులతో సుమారు 20 లక్షల డాలర్లు విదేశములకు పంపజూచిరి. ఆ సంగతి బ్యాంకువారు లెక్కలు సరిచూచుచుండగా బయటపడెను. గుమాస్తా వృత్తిలో జీవితము గడపిన మావంటివారికి ఈ వాక్యము ఒక విధమైన తృప్తి నిచ్చునని వేరుగ చెప్పనక్కరలేదు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహృతమయ్యెను. దానికి ముందు ఆ బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్లు వచ్చెననియు, వానిని తెరచుట వలన దొంగలు లోనికి ప్రవేశించిరనియు పోలీసుల దర్యాప్తులో తేలెను. మరల వేలూరు కోట పాఠమే! వాకిటి గోడను ఎవడును పగులగొట్టలేదు. లోపలివాని చేతనే తలుపు తీయించిరి.

ఈ దాడులు ప్రధానముగ మనుష్యులు కూర్చుండి చేసినవి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట యంత్రము సామాన్యుని చేతికి వచ్చెను. దానితో దొంగకు మూడు బలములు చేకూరెను.

మొదటిది భాష. ఇదివరకు మోసపు ఉత్తరమును దాని తప్పులే పట్టి యిచ్చెడివి. అక్షరదోషములు, అతుకని మాటలు చూచి ‘ఇది మనవాడు వ్రాసినది కాదు’ అని కనిపెట్టెడివారము. నేడు యంత్రము ఏ భాషనైనను నిర్దుష్టముగ వ్రాయును. గుడియాత్తము లుంగీల వర్తకునికి గాని, ఆంబూరు తోళ్ల వర్తకునికి గాని ‘మా ఖాతా నంబరు మారినది, ఇకపై సొమ్ము దీనికి పంపుడు’ అని పాత ఖాతాదారుని శైలిలోనే ఉత్తరము వచ్చినచో అనుమానించుట కష్టము.

రెండవది స్వరము, రూపము. 2019లో ఇంగ్లండులోని ఒక ఇంధన సంస్థ అధికారి, తన పై యజమాని గొంతే యని నమ్మి 2 లక్షల 20 వేల యూరోలు పంపివైచెను. 2024 ఆరంభమున హాంగ్‌కాంగ్‌లో అరప్ అను ఇంజనీరింగు సంస్థ ఉద్యోగి తెరపై తన పై అధికారిని, సహోద్యోగులను చూచి, వారి మాట విని, 15 విడతలుగా 20 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పంపెను. ఆ సమావేశములో అతడు తప్ప తక్కినవారందరును యంత్రము కల్పించిన బొమ్మలు! మొదట ఈమెయిలు చూచి అతనికి అనుమానము కలిగినదట. ముఖములు చూచిన పిమ్మట అది తీరిపోయెను.

మూడవది వేగము. 2025 నవంబరులో ఆంత్రోపిక్ అను అమెరికా సంస్థ ఒక విషయము ప్రకటించెను. చైనా ప్రభుత్వపు అండ గలదని ఆ సంస్థ భావించిన ఒక ముఠా, తమ కృత్రిమ మేధనే మభ్యపెట్టి సుమారు 30 సంస్థలపై దాడికి వినియోగించెననియు, పనిలో నూటికి 80 నుండి 90 పాళ్లు యంత్రమే చేసెననియు, కొన్నిచోట్ల అది ఫలించెననియు ఆ ప్రకటన సారము. పదిమంది నేర్పరులు పలుదినములు చేయు పనిని యంత్రము నిద్రాహారములు లేక చేయగలదు.

అట్లని కాపరివాడు చేతులు ముడిచికొని కూర్చుండలేదు. డెన్నింగ్ చూపిన మార్గమున నేడు బ్యాంకుల యంత్రములు ప్రతి ఖాతాదారుని అలవాటును గమనించుచున్నవి. దొంగసొమ్ము దాటించుటకు వాడు అద్దె ఖాతాలను పసిగట్టుటకు రిజర్వు బ్యాంకు వారి నవకల్పనా కేంద్రము ‘మ్యూల్‌హంటర్’ అను కృత్రిమ మేధ సాధనమును తయారుచేసెనని 2024 డిసెంబరులో ప్రకటింపబడెను. సైబర్ ఘటన తెలిసిన 6 గంటలలోపల తెలుపవలెనని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించెను. ఆర్కాటునకు వార్త పంపుట యన్న నిదియే. సామాన్యులమైన మనకు 1930 అను టెలిఫోను నంబరు కలదు. సొమ్ము పోయిన వెంటనే దానికి చెప్పినచో, సొమ్ము చేతులు మారకముందే ఖాతాను నిలిపివేయు అవకాశము కలదు.

అయితే పెద్ద బ్యాంకునకు ఉన్న కావలి చిన్న అంగడికి లేదు. అందుకు పాత కచేరీ పద్ధతియే శరణ్యము. మేము పనిచేసిన కాలమున వ్రాయు చేయి వేరు, సరిచూచు చేయి వేరు. రెండు సంతకములు లేనిదే రొక్కము కదలెడిది కాదు. ఈనాడును పెద్ద మొత్తము పంపుటకు ముందు ఇద్దరు చూడవలెను. ఖాతా మారినదని ఉత్తరము వచ్చినచో, ఆ ఉత్తరములోని నంబరునకు కాక, మన పాత పుస్తకములోని నంబరునకు పిలిచి విచారింపవలెను. కంప్యూటరునకు వచ్చు సవరణలను నాడే వేయవలెను. తొందరపెట్టు మాటను అనుమానింపవలెను.

కడపట మనవారికి ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. అరవదేశమున తరతరములుగా నిలిచిన మనకు తెలుగు మాటయే ఒక ముద్ర. బస్సులోనో, బజారులోనో ఎవడైన మన యాసలో పలుకరించినచో ‘మనవాడే’ యని నమ్మి ఇంటికి పిలుచుట మన వాడుక. అప్పు, పొత్తు, సంబంధము, అన్నియు ఆ నమ్మకము మీదనే సాగినవి. 2023 జూలైలో కేరళలోని కోళిక్కోడున ఒక విశ్రాంత ఉద్యోగికి వాట్సాప్ తెరపై ఆంధ్రదేశపు పూర్వ సహోద్యోగి ముఖము కనబడి, బంధువు శస్త్రచికిత్స కని 40,000 రూపాయలు అడిగెను. ఆయన పంపెను. మరల 35,000 అడుగగా అనుమానము కలిగి అసలు మిత్రుని పిలిచి విచారింపగా మోసము తెలిసెను. వెంటనే ఫిర్యాదు చేయుటచే ఆ సొమ్ము పోలీసులకు చిక్కెను. ఆయనను మోసగించినది దురాశ కాదు, స్నేహధర్మము.

ఇకపై యంత్రము తెలుగు మాటలాడును. మన మనుమని గొంతుతోనే పలుకును. కావున భాషను అనుమానింపుమని మా మనవి కాదు. అట్లు చేసినచో మనకు మిగులునది ఏమి? మాటకు తోడు మరియొక సాక్ష్యము అడుగుట నేర్చుకొందము. మన ఊరి కథ, ఇంటి ముద్దుపేరు, పోయినసారి పండుగకు జరిగిన ముచ్చట వంటి సంగతి యొకటి, ఎక్కడను వ్రాయనిది, ప్రతి కుటుంబము తమలో తాము గుర్తుగా నిర్ణయించుకొనుట మేలు. దూరమున నున్న బిడ్డలు పిలిచినప్పుడు ఆ గుర్తు అడిగిన పెద్దలను చూచి వారు నవ్వవచ్చును. నవ్వనిండు. తలుపు తీయుటకు ముందు ‘ఎవరది?’ యని అడుగుట మన పెద్దల నాటి నుండి మర్యాదయే గాని అవమానము కాదు.