ధాత కరువులో మన పక్క పసిపిల్లలు

వానలు వెనక్కి పోయినప్పుడల్లా మనం పంట లెక్కే మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల లెక్క రాస్తున్నా. కాస్త పొడుగైనా చదవండి.

మన పెద్దోళ్లు ధాత కరువు అనేవాళ్లు. 1876లో ముంగారి, హింగారి రెండూ పోయినాయి. 1877లోనూ వాన అదునుకు రాలేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఆ ఏళ్లలో చాలా గట్టిగా వచ్చిందని ఇప్పటి శాస్త్రవేత్తలు చెప్తున్నారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు.

అప్పటికే కె.సి. కాలువ ఉంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి తవ్వింది. తీరువా ఎక్కువని, నల్లరేగడికి తడి పడదని మంచి ఏళ్లలో మనోళ్లు ఆ నీళ్ల జోలికి పెద్దగా పోలేదు. (కంపెనీ నడవలేక 1882లో సర్కారు చేతికి పోయింది.) మహానంది కోనేటి నీళ్లు పారేది కొద్ది నేలకే. మిగతాదంతా వాన మీద బతికేదే.

గింజలు దేశంలో లేక కాదు. మద్రాసు రేవులో బెంగాల్, బర్మా బియ్యం దిగుతూనే ఉన్నాయి. నంద్యాలకు అప్పుడు రైలు లేదు. రైలు దిగిన చోటు నుంచి ఎద్దుల బండ్లే గతి. మేత లేక ఎద్దులే పడిపోతుంటే బండి లాగేదెవరు? ఇది రైతుకు వేరే చెప్పాలా! మన పక్కకు రైలు వచ్చింది ఆ కరువు పోయినాకే.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగాడికి రోజుకు ఒక పౌను గింజ, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా రాదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. మట్టి మోసే తల్లికి అది చాలకపోతే పాలు ఎట్లా పడతాయి? మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఆ ఏడాదే కూలి పెంచక తప్పలేదు. అప్పటికే కలరా, మశూచి తిరుగుతున్నాయి. 1877 చివర్లో వాన పడింది గానీ చావులు ఆగలేదు. బక్కచిక్కిన ఒంటికి మలేరియా తోడైంది. వాన వచ్చింది కదా, ఇంక గట్టెక్కాం అనుకోవడం ఎంత తప్పో చూడండి.

ఇప్పుడు ఆకలిచావులు లేవు. చౌక బియ్యం ఉంది, 1975లో మొదలైన పథకంతో అంగన్‌వాడీ ఉంది. ఇది చిన్న సంగతి కాదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 63 శాతం మందికి రక్తహీనత. కడుపు నిండుతోంది, ఒంటికి పట్టడం లేదు. దీనికి ఇంకోటి తోడు: గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే వరి గింజలో ఇనుము, జింకు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. పాలిష్ పట్టాక మిగిలేదే కొంచెం, అందులోనూ కోత!

వెనక జొన్నలు పాతర్లో, కొర్రలు ఇంట్లో ఉండేవి. తక్కువ వానకు పండేవి అవే. నీళ్లొచ్చినాక మనం వరికి, అరటికి పోయినాం. పోవద్దని నేననను, అరటి నేనూ పెట్టినా. కానీ 1906 నుంచి ఉన్న మన నంద్యాల పరిశోధనా కేంద్రంలోనే కొర్ర రకాలు తయారవుతున్నాయి, సూర్యనంది అట్లా వచ్చిందే. వాటిని మన ఊళ్లలో మన పిల్లల కోసం వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? మీ ఊర్లో ఈ ఏడు కొర్ర ఎవరైనా విత్తితే, ఎన్ని వానలకు ఎంత పండిందో రాయండి.