సరిహద్దు పల్లెలలో ప్రైవేటు వైద్యుని ఎంపిక

రాష్ట్ర సరిహద్దులలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెద్ద ఆసుపత్రి తరచుగా పొరుగు రాష్ట్రంలోనే దగ్గరగా ఉంటుంది. పర్లాకిమిడి వారు శ్రీకాకుళానికి, రాయగడ వారు విశాఖపట్టణానికి, యానాం వారు కాకినాడకు, పావగడ వారు అనంతపురానికి, సిరొంచ వారు గోదావరి దాటి తెలంగాణకు వెళ్లడం పరిపాటి. జబ్బు ముదిరిన రాత్రి ఎవరో చెప్పిన పేరు పట్టుకొని బయలుదేరడం కంటె, ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తగిన వైద్యుని గురించి విచారించి ఉంచుకోవడం శ్రేయస్కరం.

అర్హత, నమోదు సంఖ్య

అల్లోపతి వైద్యానికి కనీస అర్హత ఎం.బి.బి.ఎస్. ఆపై ఎం.డి., ఎం.ఎస్., డి.ఎన్.బి. వంటివి ఒక విభాగంలో ప్రత్యేక శిక్షణను, డి.ఎం., ఎం.సిహెచ్. అంతకు మించిన నైపుణ్యాన్ని సూచిస్తాయి. బి.ఎ.ఎం.ఎస్. ఆయుర్వేదానికి, బి.హెచ్.ఎం.ఎస్. హోమియోపతికి సంబంధించిన పట్టాలు. పల్లెలలో ఆర్.ఎం.పి.గా పిలువబడే వారిలో అత్యధికులకు వైద్య పట్టా ఉండదు.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం వైద్యుడు తన నమోదు సంఖ్యను ఆసుపత్రిలో ప్రదర్శించాలి; మందుల చీటీపైన, రసీదుపైన ముద్రించాలి. 2023లో వెలువడిన కొత్త నియమావళిని ఆ ఏడాదే నిలిపివేసినందున 2002 నాటిదే కొనసాగుతున్నది. పేరుపలక కన్నడంలోనో, ఒడియాలోనో ఉండి చదవలేకపోయినా, చీటీపై ఈ సంఖ్యను గుర్తించడం కష్టం కాదు. దానిని ఆయా రాష్ట్ర వైద్య మండలి వెబ్‌సైటులోనో, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని వైద్యుల పట్టికలోనో సరిచూడవచ్చును. ఊరి బడిలో చదివే పిల్లలు సైతం ఈ పని చేసిపెట్టగలరు.

భాష

బాధను సొంత భాషలో చెప్పుకోగలగడం చికిత్సలో సగం బలం. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, ఏ మందుకు ఒళ్లు పడలేదు అన్న సంగతులు తప్పుగా అందితే వైద్యం దారి తప్పుతుంది. అయితే తెలుగు మాట్లాడడం నమ్మకానికి ఆరంభమే గాని అర్హతకు రుజువు కాదు. మంచి వైద్యునికి తెలుగు రాకపోతే, రెండు భాషలూ తెలిసిన బంధువును వెంట తీసుకొని వెళ్లడం ఉత్తమం.

పంపినవారి మాట

పెద్ద ఆసుపత్రి పేరు చెప్పేది సాధారణంగా ఊరిలోని ఆర్.ఎం.పి., మందుల దుకాణదారు లేదా వాహన చోదకుడు. వారి సలహా మంచిదే కావచ్చు. కాని రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం వైద్యులకు నిషిద్ధమని అదే నియమావళి చెబుతున్నది. ఒకే ఆసుపత్రికి వెళ్లాలని పట్టుబట్టేవారి మాటను, అక్కడ చికిత్స పొందివచ్చిన ఇద్దరు ముగ్గురి అనుభవంతో పోల్చి చూడాలి. శస్త్రచికిత్స అవసరమన్నప్పుడు, అత్యవసరం కాకపోతే, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు.

ఖర్చు, కార్డు

వైద్యుడు తన రుసుమును తెలియజేయాలి. చేరే ముందే గది అద్దె, పరీక్షలు, శస్త్రచికిత్స, మందుల అంచనాను కాగితంపై కోరాలి. ఆరోగ్యశ్రీ ఫలకం కనిపించినంత మాత్రాన వైద్యం ఉచితమని భావించరాదు. రాష్ట్రాల సొంత పథకాలు ఆ రాష్ట్ర కుటుంబాలకే వర్తిస్తాయి. ఒడిశా రేషను కార్డు గల కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ పథకం వర్తించదు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం పొరుగు రాష్ట్రంలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులలోనూ చెల్లుతుంది. దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు. తమ కార్డు ఏ పథకానిదో, ఆ ఆసుపత్రి ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

సంతకం, కాగితాలు

రోగికి విషయం వివరించి పొందినదే సరైన అంగీకారమని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. కనుక తెలియని భాషలోని పత్రంపై సంతకం చేసే ముందు, దానిని తెలుగులో చదివి వినిపించమని కోరాలి. రోగి అడిగిన 72 గంటలలో చికిత్స రికార్డులు ఇవ్వాలన్నది నియమం. ఆ కాగితాలు లేకపోతే మరో రాష్ట్రంలోని వైద్యుడు పరీక్షలన్నీ మళ్లీ మొదటినుండి చేయించవలసి వస్తుంది.

అన్యాయం జరిగితే

వృత్తి ధర్మాన్ని అతిక్రమించిన వైద్యునిపై, ఆయన నమోదైన రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. రుసుము తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే రెండేళ్లలోగా కేసు వేయవచ్చును. పొరుగు రాష్ట్రంలో నష్టపోయిన కుటుంబం అక్కడి కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు.

ప్రమాదం, గుండెపోటు, పాముకాటు వంటి సమయాలలో మాత్రం ఎంపికకు వ్యవధి ఉండదు. సమీపంలో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే చేరాలి. పోలీసు కేసు పేరిట క్షతగాత్రునికి వైద్యం ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే ఆదేశించింది. తక్కిన సమయాలకై ప్రతి ఇంటా ఇద్దరు వైద్యుల పేర్లు, నమోదు సంఖ్యలు, ఫోను నంబర్లు, ఆసుపత్రికి చేరే దారి వ్రాసి, రేషను కార్డుతో పాటు భద్రపరచుకోవాలి.