కంప్యూటర్‌లో ఆకుపచ్చ నీళ్లు

అద్దం తలుపు బిగించిన క్యాబినెట్, లోపల వంపులు తిరిగిన గొట్టాలు, వాటిలో దీపాల వెలుగుకు పచ్చగా మెరుస్తూ పారే ద్రవం. నీళ్లతో చల్లబడే గేమింగ్ కంప్యూటర్‌ను మొదటిసారి చూసినవారు ఇదంతా కుర్రకారు షోకని కొట్టిపారేస్తారు. ఇవాళ్టి మట్టుకు ఆ మాటలో చాలా నిజం ఉంది. అయితే ఆ రంగు షోకు కోసం పుట్టింది కాదు. కారు మెకానిక్కులు, ప్లంబర్లు పని కోసం వాడుకున్న రంగు అది. కంప్యూటర్లలోకి కూడా ఆ దారినే వచ్చింది.

కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరచడం కొత్త సంగతి కాదు. 1960లలోనే ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 91కు నీటి ఏర్పాటు ఉండేది. 1980లో ప్రకటించిన ఐబీఎం 3081లో వంద పైచిలుకు చిప్పులను ఒకే పెట్టెలో అమర్చి, ఒక్కో చిప్పు వీపుకు చిన్న పిస్టన్ ఆనించి, సందుల్లో హీలియం నింపి, ఆ వేడిని పైనున్న చల్లనీటి పలకకు చేరవేశారు. ఇంత పనితనమూ మూతల వెనకే ఉండిపోయింది. ఆ నీళ్లు ఎవరికీ కనబడవు, కనబడాల్సిన పనీ లేదు, కనిపెట్టుకుని ఉండటానికి కంపెనీ ఇంజినీర్లున్నారు. దీనికి పెద్ద మినహాయింపు 1985లో సీమోర్ క్రే తెచ్చిన క్రే-2. సర్క్యూట్ బోర్డులన్నిటినీ ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో ముంచేశారు. పారదర్శకమైన పలకల వెనక ద్రవం కదలడం, బుడగలు లేవడం కంటికి కనిపించేవి. దానికి ‘బబుల్స్’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. అంత ప్రదర్శనలోనూ ద్రవానికి రంగు కలపలేదు. ఫ్లోరినెర్ట్ గుండా కరెంటు పారదు, కాబట్టి అది ఒలికినా షార్ట్ సర్క్యూట్ భయం లేదు. లీకుకు వెరవనక్కర్లేని చోట రంగు అవసరం రాలేదన్నది గమనించాల్సిన విషయం.

వెరవాల్సిన పరిస్థితి ఇళ్లలో వచ్చింది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ను 300 మెగాహెర్ట్జ్ నుంచి 450కి పరిగెత్తించవచ్చని తెలిశాక ఓవర్‌క్లాకింగ్, అంటే నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడిపే మోజు, ఊపందుకుంది. వేగంతో పాటు వేడీ పెరిగింది. ఫ్యాన్లు చాలక అమెరికా, యూరప్ ఔత్సాహికులు నీళ్ల వైపు తిరిగారు. అప్పటికి దుకాణాల్లో ఈ పనికని తయారైన సామాను అరుదు. అందుకే అక్వేరియం పంపు, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, పాత కార్ల హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ తెచ్చుకుని సొంతంగా కట్టుకున్నారు. 1977 నాటి పాంటియాక్ బొన్నెవిల్ హీటర్ కోర్‌కు వాళ్లలో ప్రత్యేకమైన పేరుండేది. రేడియేటర్ కారుదైతే అందులో పోసేదీ కారుదే అయింది. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో కలిస్తే తుప్పు తప్పదు, నిలవ నీటిలో నాచు పడుతుంది. ఆ రెంటికీ విరుగుడుగా యాంటీఫ్రీజ్ కలిపారు. అలా దానిలోని పచ్చరంగు కంప్యూటర్‌లోకి వచ్చింది.

యాంటీఫ్రీజ్‌కు ఆ రంగు ఊరికే వేయలేదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం, నీళ్లనుకుని తాగకుండా ఉండాలి. బండి కింద మడుగు కడితే అది వాననీరో ఇంజిన్ నీరో ఒక్క చూపులో తెలియాలి. ఆ పచ్చదనానికి తరచుగా వాడిన ఫ్లోరెసీన్‌ను 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. ఆరేళ్లకే అది నీటి జాడ తీసే పనికి వచ్చింది. జర్మనీలో డాన్యూబ్ నది నేలలోకి ఇంకిపోయే చోట 1877లో భూగర్భ శాస్త్రవేత్త అడాల్ఫ్ క్నాప్ 10 కిలోల రంగు కలిపితే, దాదాపు 60 గంటలకు ఆహ్ అనే ఊట పచ్చగా పొంగింది. నది నీరు ఎటు పోతోందో అలా తేలింది. 1962లో షికాగో నదిని సెయింట్ పాట్రిక్ పండుగకు పచ్చగా మార్చిందీ ప్లంబర్లే. మురుగు ఎక్కడినుంచి నదిలో కలుస్తోందో పట్టుకోవడానికి తాము వాడుతున్న రంగునే పండుగకు వాడారు. జాడ తీసే సాధనం వేడుకగా మారడం కంప్యూటర్‌తో మొదలు కాలేదన్నమాట.

దీపం సంగతీ అంతే. కారు ఏసీలో, ఇంజిన్‌లో లీకు పట్టడానికి అతినీలలోహిత దీపం వేసి మెరిసే చోటు వెతకడం మెకానిక్కులకు అలవాటు. క్యాబినెట్ పక్క రేకును కోసి అద్దం బిగించుకున్నవాళ్లు అదే అతినీలలోహిత వెలుగునిచ్చే సన్నని కోల్డ్ కాథోడ్ ట్యూబులను లోపల అమర్చారు. గొట్టాలు భగ్గున వెలిగాయి.

ఆ దీపాలు లీకు కోసం పెట్టారా, అందం కోసమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చాలామంది అందం కోసమే పెట్టారు. అన్నేళ్లూ ఆఫీసు బల్లల మీద గోధుమరంగు డబ్బాలను చూసి విసిగినవాళ్లు వాళ్లు. కానీ వాళ్ల చేతికి అందిన రంగు, దీపం రెండూ మెకానిక్ షెడ్డులోవే. పైగా, నీళ్లు కదులుతున్నాయా, బుడగ ఇరుక్కుందా, ఎక్కడైనా చెమ్మ దిగుతోందా అన్నది సొంత చేతులతో బిగించుకున్నవాడికి కంటితో చూసుకోవాల్సిన విషయం. మూసిపెట్టిన దానికి ఎదురు ఉదాహరణ 2004 నాటి ఆపిల్ పవర్ మాక్ జి5. దాని ద్రవం కంటికి కనబడదు. లీకైన కొన్ని యంత్రాల్లో లోపలి భాగాలు పాడయ్యాకే యజమానులకు సంగతి తెలిసింది.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. రంగు నీళ్లను చల్లబరచదు. వేడిని మోయడంలో స్వచ్ఛమైన నీరే మేలు, గ్లైకాల్ కలిపేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోవడమే. తర్వాత వచ్చిన పాలరంగు ద్రవాలు, మెరుపు రేణువుల ద్రవాలు అసలు ప్రయోజనాన్నే తలకిందులు చేశాయి. లోపల బుడగ ఉందో, నాచు పట్టిందో అవి కనబడనివ్వవు. రేణువులు సన్నని రాగి రెక్కల మధ్య పేరుకుంటాయి. జాడ చూపాల్సిన రంగు జాడను దాచింది. వీటిని నేను సమర్థించను.

చివరికి రంగు నీటిని విడిచి దీపంలోకి వెళ్లిపోయింది. 1993లో నిచియా కంపెనీలో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తేవడంతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి ఏ రంగైనా పుట్టించడం చవకైంది. 2009లో కోర్సెయిర్ హెచ్50 లాంటి, ఫ్యాక్టరీలోనే నింపి మూసిన కూలర్లు వచ్చాక ద్రవం నల్లటి గొట్టాల్లో మాయమైంది, వెలుగు పంపు మూత మీదికి చేరింది. ద్రవానికి రంగు వేసే పని మాత్రం ఇప్పుడు డేటా సెంటర్లకు చేరింది. ఏఐ చిప్పులను చల్లబరిచే గ్లైకాల్ నీళ్లకు రంగు కలిపి అమ్మేది అక్కడ ఎవరో చూసి మురిసిపోతారని కాదు, లీకైతే కనబడాలని.